చీర రంగు చీరలా, ముఖం రంగు ముఖంలా రావాలంటే: చిన్న స్టూడియోలో లైటింగ్

ఫొటో తీసేముందు స్టూడియో గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయండి. దాంతోపాటు మేకప్ అద్దం చుట్టూ వెలిగే బల్బులు, దేవుడి పటం ముందు మెరిసే సీరియల్ సెట్టు, కిటికీ తెర సందులోంచి దూరే ఎండ, ఏవీ ఉండకూడదు. పోర్ట్రెయిట్‌లో రంగు తేడా వచ్చిందనగానే చాలామంది ఏ ప్రీసెట్ వాడాలి, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడుగుతారు గానీ, నా అనుభవంలో జబ్బు కంప్యూటర్‌లో కంటే గదిలోనే ఎక్కువ ఉంటుంది.

నేను ఇది నేర్చుకున్నది ఒక వంకాయ రంగు ధర్మవరం చీర దగ్గర. స్టూడియో పెట్టిన రెండో ఏడు, పెళ్లికూతురి సింగిల్ ఫొటోలు తీస్తూ, ఎడమవైపు అద్దెకు తెచ్చిన ఎల్‌ఈడీ ప్యానెల్ పెట్టి, కుడివైపు నీడలు మరీ నల్లగా పడకుండా గోడకున్న ట్యూబ్‌లైట్‌నే వాడేశాను. కళ్లకి అంతా బాగానే కనిపించింది. ఆల్బమ్ ఇచ్చిన రోజు వాళ్లమ్మగారు బీరువా తీసి, చీర మడత తెచ్చి, ఆ పేజీ మీద పెట్టి, "ఇది మా అమ్మాయి చీర కాదు బాబూ" అన్నారు. చీరేమో వంకాయ రంగు, పేజీలో ఉన్నది నీలం. మూడు రోజులు కూర్చుని సరిచేశాను. చీరని వంకాయ రంగులోకి తెస్తే అమ్మాయి ఎడమ చెంప గులాబీకి తిరిగేది, చెంప సరిచేస్తే కుడివైపు మెడ పచ్చగా పాలిపోయేది. అప్పుడు కారణం అర్థం కాలేదు. వైట్ బ్యాలెన్స్ అనేది, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సర్దడం, ఫ్రేమ్ మొత్తానికి ఒకటే సవరణ, అది ఒక రకం వెలుగునే సరిచేయగలదు. ఒకే ముఖం మీద రెండు రకాల వెలుగు పడితే ఒకదాన్ని బాగుచేసిన ప్రతిసారీ రెండోది చెడుతుంది. ఆ ఆల్బమ్ మళ్లీ ప్రింట్ చేయించి ఇచ్చాను, అయినా ఆ తల్లిగారి ముఖం ఇంకా గుర్తుంది.

లెక్క చూడండి. వెలుగు రంగుని కెల్విన్‌లలో చెప్తారు, అంకె తగ్గితే పసుపు వైపు, పెరిగితే నీలం వైపు. పాతకాలపు పసుపు బల్బు సుమారు 2800 కెల్విన్, స్టూడియో ఫ్లాష్ 5500 దగ్గర, ఇళ్లలో వాడే తెల్ల ట్యూబ్‌లైట్ 6500. పైగా ట్యూబ్‌లైట్లలోనూ చవక ఎల్‌ఈడీల్లోనూ కొంచెం ఆకుపచ్చ కలిసి ఉంటుంది, అది కంటికి తెలియదు, మెదడు సర్దేసుకుంటుంది. కెమెరా సర్దుకోదు.

అందుకే ప్రతి షూట్ ముందూ ఒక పరీక్ష. కెమెరా మాన్యువల్‌లో పెట్టి, షట్టర్ 1/160, ఎఫ్ 8, ఐఎస్ఓ 100. ట్రిగ్గర్ ఆపేసి, ఫ్లాష్ వెలగకుండా ఒక్క ఫ్రేమ్ కొట్టండి. ఫొటో పూర్తిగా నల్లగా రావాలి. ఎక్కడైనా చెంప అంచు, చీర మడత లీలగా కనిపించిందంటే బయటి వెలుగేదో దూరుతోందన్నమాట, అదెక్కడిదో వెతికి ఆపండి. ఫోకస్ కోసం గదిలో కాస్త వెలుగు కావాలంటే ఫ్లాష్‌లో ఉండే మోడలింగ్ ల్యాంప్ సరిపోతుంది, ఈ సెట్టింగుల దగ్గర అది చాలావరకు ఫొటోలోకి రాదు. వస్తోందో లేదో కూడా ఈ నల్ల ఫ్రేమే చెప్తుంది. షట్టర్ మాత్రం మీ కెమెరా సింక్ స్పీడ్, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం, దాటించకండి, చాలా కెమెరాలకి అది 1/200 లేదా 1/250, దాటితే ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది.

గోడలూ, నేలా

వెలుగు లైటు నుంచి నేరుగా ముఖం మీదకి మాత్రమే రాదు. గోడకి తగిలి, సీలింగుకి తగిలి, నేలకి తగిలి, ఆ రంగులన్నీ పులుముకుని వస్తుంది. అద్దెగదుల్లో లేత గులాబీ, చిలకపచ్చ గోడలు చాలా ఉంటాయి, పాత ఇళ్లలో ఎర్ర గచ్చు నేల ఉంటుంది. ఎర్ర గచ్చు మీద నిలబెట్టి తీస్తే గడ్డం కింద, ముక్కు కింద ఒక ఎరుపు జీర వస్తుంది. దాన్ని చాలామంది మేకప్ తప్పు అనుకుంటారు, పాపం మేకప్ చేసినామెకి మాట పడుతుంది. వీలైతే గోడలకి మెరుపు లేని తెలుపో, రంగు కలవని బూడిదో వేయించండి. వీలుకాకపోతే మనిషికి రెండు పక్కలా నల్ల బట్ట వేలాడదీయండి, నేలమీద బూడిద రంగు షీటు పరవండి. థర్మాకోల్ షీట్లు నాలుగు తెచ్చి ఒక ముఖం తెల్లగా వదిలేసి రెండో ముఖానికి నల్ల రంగు వేసి పెట్టుకుంటే, అదే రిఫ్లెక్టరు, అదే అడ్డు. నల్ల రంగు నీళ్లలో కలిపేదే వాడండి, ఆయిల్ పెయింట్ థర్మాకోల్‌ని తినేస్తుంది.

వెలుగు మెత్తబడడానికి లైటుకి తగిలించే సాఫ్ట్‌బాక్స్ తెల్ల బట్ట కూడా చూడండి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బట్ట పసుపు తిరుగుతుంది, కొత్తదాని పక్కన పెడితే గానీ తెలియదు. రెండు లైట్లకి రెండు వేర్వేరు కంపెనీల బాక్సులు, ఒకటి పాతది ఒకటి కొత్తది తగిలిస్తే, ఫ్లాష్‌లు ఒకటే అయినా వెలుగులు రెండవుతాయి.

ఏ లైటు కొనాలి

ఫ్లాష్ ఉంటే సగం తలనొప్పి తగ్గినట్టే, ఎందుకంటే దాని వెలుగులో అన్ని రంగులూ దాదాపు సరిగా ఉంటాయి. వీడియో కూడా కావాలని ఎల్‌ఈడీ కొనేవాళ్లు పెట్టె మీద సీఆర్ఐ (రంగుల్ని ఎంత సరిగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 అని చూసి సంతోషపడతారు. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంటుంది, మనకి కావలసింది అదే. మన పనిలో కుంకుమ, పారాణి, పగడాల దండ, పెళ్లిచీర అంచు, అన్నింటికన్నా ముఖ్యంగా చర్మం కింద కనపడే రక్తం రంగు, అన్నీ ఎరుపే. ఆర్9 తక్కువున్న లైటు కింద మనిషి జ్వరం తగిలి లేచినట్టు ఉంటాడు, దాన్ని ఏ స్లైడరూ పూర్తిగా తిరిగి తేలేదు. ఆర్9 అంకె 90 దాటినవి తీసుకోండి, కంపెనీ ఆ అంకె ఇవ్వకపోతే ఆ లైటు వద్దు.

చవక ఎల్‌ఈడీల్లో ఇంకో బాధ, మినుకుమినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఆ వెలుగు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టర్ 1/1000 పెట్టి వరసగా పది ఫ్రేములు కొట్టండి. ఫ్రేముకీ ఫ్రేముకీ వెలుగో రంగో మారినా, అడ్డగీతలు కనిపించినా ఆ లైటుతో 1/50, 1/100 దగ్గరే పనిచేయాలి.

ఫ్లాష్‌లో మాత్రం ఒక మెలిక ఉంది. పవర్ మారిస్తే రంగు కూడా కొంచెం మారుతుంది. పాత పద్ధతి స్టూడియో ఫ్లాష్‌లు పవర్ తగ్గిస్తే కాస్త పసుపుకి పోతాయి, కెమెరా మీద పెట్టే స్పీడ్‌లైట్లు, ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న ఫ్లాష్‌లు తగ్గిస్తే నీలానికి పోతాయి, ఎందుకంటే అవి మెరుపు చివరి భాగాన్ని కోసేస్తాయి, ఎరుపు ఎక్కువగా ఉండేది ఆ చివర్లోనే. అందుకని పవర్ ఒకచోట ఖాయం చేసుకుని, వెలుగు ఎక్కువైతే లైటునే వెనక్కి జరపండి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడుతుంది, అంటే 1 మీటరు నుంచి 2 మీటర్లకి జరిపితే రెండు స్టాపులు (ఒక స్టాపు తగ్గడమంటే వెలుగు సగమవడం) తగ్గాయన్నమాట. పది అడుగుల గదిలో ఎంతని జరుపుతాం అంటారా, అప్పుడు ఐఎస్ఓనో, అపర్చరో మార్చుకోండి.

మనిషిని కూర్చోబెట్టాక

ఒక్క పెద్ద లైటుతో మొదలుపెట్టండి. నాలుగడుగుల ఆక్టా (ఎనిమిది పలకల) సాఫ్ట్‌బాక్స్, ముఖానికి 45 డిగ్రీల పక్కగా, కంటి కంటే ఒక అడుగు ఎత్తులో, నాలుగైదు అడుగుల దూరంలో. రెండో వైపు తెల్ల థర్మాకోల్. వెనక పరదాకి మనిషికి మధ్య కనీసం ఐదారు అడుగులు వదలండి, లేకపోతే రంగు పరదా నుంచి కూడా భుజాల మీదకి రంగు ఎక్కుతుంది. ఈ సెట్టింగులో మంచి ఫొటో రాకపోతే ఇంకో మూడు లైట్లు పెట్టినా రాదు, ఇది గట్టిగా చెప్తున్నాను.

నిండైన ఎర్రచీర కట్టుకున్నవాళ్లకి చీర నుంచే ఎరుపు గడ్డం కిందకి కొడుతుంది. అప్పుడు సాఫ్ట్‌బాక్స్‌ని కొంచెం పైకి తిప్పి, మధ్య వెలుగు తలవైపు, అంచు వెలుగు చీరవైపు పడేలా చూడండి. నడుము ఎత్తులో, ఫ్రేము కింద, ఒక తెల్ల షీటు అడ్డంగా పట్టిస్తే మిగిలిన ఎరుపు కూడా పోతుంది.

ఆ తెల్ల షీటు ఇంకో పని కూడా చేస్తుంది. బంగారానికి సొంత వెలుగు లేదు, చుట్టూ ఏముంటే అది చూపిస్తుంది. ఒకసారి కాసులపేరుని జూమ్ చేసి చూడండి. ఒక్కో కాసూ ఒక్కో చిన్న అద్దం. పైభాగంలో సాఫ్ట్‌బాక్స్ తెల్లగా, కిందిభాగంలో చీకటి గది నల్లగా కనిపిస్తుంది, అందుకే ఫొటోలో నగ మసిపట్టినట్టు ఉంటుంది. షీటుని కింద నుంచి మెల్లగా పైకి లేపుతుంటే కాసుల్లో ఆ నల్ల భాగం ఒక్కొక్కటే తగ్గుతూ, బంగారం రంగు నిండుతూ వస్తుంది, లైవ్ వ్యూలో చూస్తే కళ్లముందే జరుగుతుంది. జరీ కూడా అంతే. చిన్న లైటు కింద జరీ తెల్ల చుక్కలుగా పేలిపోతుంది, పెద్ద మెత్తటి లైటు కింద పసుపు పచ్చగా నిలుస్తుంది. గద్వాల చీరలకి ఒళ్లంతా నూలు, అంచూ పల్లూ పట్టు కాబట్టి ఒకే వెలుగులో అంచు మెరుస్తుంది, ఒళ్లు మెరవదు. ఎక్స్‌పోజర్ అంచుని చూసి పెట్టుకోవాలి.

రెండు రంగుల నేత చీరలు ఇంకో రకం. నెమలికంఠం రంగు చీరలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, మనిషి ఇటు తిరిగితే నీలం, అటు తిరిగితే పచ్చ. ఇక్కడ అసలు రంగు ఏది అని మనం తేల్చకూడదు. చీర కట్టుకున్నవాళ్లనే అడగండి, ఏ రంగు చూసి కొన్నారో ఆ కోణం కనిపించేలా నిలబెట్టండి.

ఇప్పుడు చర్మం. చామనఛాయ, నలుపు ఉన్నవాళ్లని తీసేటప్పుడు ముఖం తెల్లబడేదాకా ఎక్స్‌పోజర్ పెంచడం మన వృత్తిలో పెద్ద తప్పు అని నేను నమ్ముతాను. దీని వెనక చరిత్ర కూడా ఉంది. ఫిల్ము రోజుల్లో ప్రింటు రంగు సరిచూసుకోవడానికి కొడాక్ ల్యాబులకి పంపిన షర్లీ కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి అమ్మాయి ఫొటోనే ఉండేది, ఆ చర్మం సరిగా వస్తే ప్రింటు సరిగా వచ్చినట్టు లెక్క. గోధుమ, నలుపు ఛాయల్లో తేడాలు ఫిల్ము మీద సరిగా పలకవని చాక్లెట్, చెక్క సామాను కంపెనీలు చేసిన ఫిర్యాదులు కూడా మార్పుకి ఒక కారణమని కొడాక్‌లో పనిచేసినవాళ్లు తర్వాత చెప్పారు. ఇప్పటి కెమెరాలకి ఆ పరిమితి లేదు. వెలుగు కొలిచే మీటరు ముఖం మీద పెట్టకండి, గ్రే కార్డు (రంగు కలవని బూడిద అట్ట) మీద పెట్టండి, లేదా చేతి మీటరుని గడ్డం దగ్గర పట్టి రీడింగ్ తీయండి. అప్పుడు నల్లటి చర్మం నల్లగానే, కళగా వస్తుంది. ముదురు చర్మానికి అందం తెచ్చేది చెంప ఎముక మీద, నుదుటి అంచు మీద పడే మెరుపు. అందుకని లైటు మొత్తం పెంచే బదులు, పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ని ఇంకాస్త పక్కకి తెచ్చి ఆ మెరుపు ఎక్కడ పడుతోందో చూసుకోండి. పార్టీ "కొంచెం తెల్లగా చెయ్యండి" అని అడుగుతారు, నిజమే. ముందు ఇలా తీసిన ఒక ఫొటో స్క్రీన్ మీద పెద్దగా చూపించండి. అది చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నవాళ్లు నా దగ్గర చాలామందే ఉన్నారు.

గ్రే కార్డు

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి. ఎర్రచీర ఫ్రేములో నిండితే ఆటో దాన్ని చల్లార్చాలని చూసి ముఖాన్ని నీలి పచ్చ చేస్తుంది, పరదా ఎక్కువ కనిపిస్తే మళ్లీ మారుస్తుంది, వంద ఫొటోలకి వంద రంగులు. 5500 కెల్విన్ అని ఖాయం చేసి, రంగు తర్వాత మార్చుకోగలిగే రా ఫైళ్లలో తీయండి. లైటు సర్దుకోగానే మనిషి చేతికి గ్రే కార్డు ఇచ్చి గడ్డం కింద, ప్రధాన లైటు పడేలా పట్టుకోమని ఒక ఫ్రేము తీయండి. తర్వాత లైట్‌రూమ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఐడ్రాపర్‌తో ఆ కార్డు మీద నొక్కి, ఆ అంకెని మిగిలిన అన్నింటికీ సింక్ చేయండి. లైటు పవర్, బాక్సు, పరదా, ఏది మార్చినా మళ్లీ కార్డు ఫ్రేము తీయాలి. పది సెకన్ల పని.

కార్డు బదులు ప్రింటరు కాగితం వాడకండి. కాగితం తెల్లగా కనపడాలని అందులో కలిపే పదార్థాలు ఫ్లాష్‌లోని అతినీలలోహిత కిరణాలకి నీలంగా వెలుగుతాయి, దాని మీద నొక్కితే ఫొటో అంతా పసుపుకి పోతుంది. పెళ్లికొడుకు తెల్లచొక్కా మీద, నీలం పెట్టి ఉతికిన పంచె మీద నొక్కినా ఇదే గొడవ.

రెండు కెమెరాలతో పనిచేసేవాళ్లకి గ్రే కార్డు చాలదు. 24 గళ్ల కలర్ చెకర్ కార్డు కొనండి, 1976 నుంచి వాడుకలో ఉన్నదే, దాని మొదటి రెండు గళ్లూ ముదురు చర్మం, లేత చర్మం. ఒకే వెలుగులో రెండు కెమెరాలతోనూ దాన్ని తీసి, ఒక్కో కెమెరాకి రంగులు సరిచేసే ఒక ప్రొఫైల్ చేసుకుంటే రెండు కంపెనీల కెమెరాల ఫొటోలు ఒకే పేజీలో పెట్టినా తేడా కొట్టదు. కార్డుని ఎండలో వదిలేయకండి, రంగులు వెలిసిపోతాయి.

ఇంకో సంగతి, ఎరుపు పేలిపోవడం. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే కనిపిస్తుంది గానీ ఎరుపు ఒక్కటీ కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది, చీర మడతలన్నీ కలిసిపోయి ఎర్ర అట్ట ముక్కలా అవుతుంది. కెమెరాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకోండి, పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌లో ఉంచండి, ఎరుపు గుద్దుకుంటే అర స్టాపు తగ్గించండి. జడలో మల్లెపూలు కూడా అప్పుడే చూసుకోండి, అవి కూడా ముందే రేకులు కలిసిపోయి ఒట్టి తెలుపైపోతాయి.

కార్డుతో సరిచేసిన ముఖం కొందరికి కొంచెం చల్లగా అనిపిస్తుంది. 200, 300 కెల్విన్‌లు వెచ్చదనం పెంచుకోండి, తప్పులేదు, కాకపోతే అన్ని ఫొటోలకీ ఒకేలా పెంచండి. మంగళస్నానం ఫొటోల్లో మాత్రం ఆటో కలర్ జోలికి వెళ్లొద్దు. ముఖానికి రాసిన పసుపుని అది లోపం అనుకుని తీసేస్తుంది, ఆ పసుపు కోసమే కదా ఆ ఫొటో.

స్క్రీనూ, ప్రింటూ

"ప్రింట్ డార్క్‌గా వచ్చింది" అని ల్యాబ్ వాళ్లతో గొడవపడే ముందు మానిటర్ బ్రైట్‌నెస్ చూడండి. ఫుల్‌లో పెట్టి ఎడిట్ చేస్తే ఫొటో వెలుగుగా ఉందనుకుని మనమే తగ్గించేస్తాం. స్పైడర్, కాలిబ్రైట్ లాంటి పరికరంతో నెలకోసారి స్క్రీను సరిచేసుకోండి. అందులో ఎంచుకోవాల్సినవి: వైట్ పాయింట్ డీ65, గామా 2.2, వెలుగు చదరపు మీటరుకి 100 నుంచి 120 క్యాండెలాలు. పరికరం కొనే స్తోమత ఇప్పుడే లేకపోతే ఫొటోగ్రాఫర్లు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు, మేం అలాగే చేశాం. నైట్ మోడ్ ఆపి ఉందో లేదో చూడండి, ఈ చిన్న విషయంతో రోజంతా వృథా అయినవాళ్లని చూశాను.

ల్యాబ్‌కి పంపే జేపెగ్‌లు వాళ్లు వేరే చెప్తే తప్ప ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పరిధిలోనే పంపండి. అడోబ్ ఆర్‌జీబీ ఫైలుని ప్రొఫైల్ పట్టించుకోని మిషనుకి పంపితే చర్మం కళతప్పి వస్తుంది. ల్యాబ్‌ని వాళ్ల పేపరు ఐసీసీ ప్రొఫైల్ (ఆ పేపరు మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) అడగండి, ఇస్తే సాఫ్ట్ ప్రూఫ్ చేసుకోవచ్చు, అంటే ప్రింటు ఎలా వస్తుందో స్క్రీను మీదే చూసుకోవచ్చు. ఇవ్వకపోయినా 12×36 షీట్లు అన్నీ ఒకేసారి కొట్టించకుండా, ముఖం, ఎర్రచీర, నగ ఉన్న ఒక్క షీటు ముందు తీయించండి. దాన్ని పగలు కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట చూడండి. రాత్రి పసుపు బల్బు కింద చూసి నిర్ణయం తీసుకోవద్దు, ప్రింటింగ్ వాళ్లు కూడా 5000 కెల్విన్ వెలుగు కిందే చూస్తారు.

ఇంత చేసినా కొన్ని వంకాయ రంగులు, కొన్ని ఊదా రంగులు నీలానికే పోతాయి. ఆ అద్దకాన్ని మన కన్ను చూసే తీరు వేరు, సెన్సర్ చూసే తీరు వేరు, లైటు మారిస్తే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అందుకే బుకింగ్ రోజే ఆ చీర జాకెట్టు ముక్కలో మిగిలిన పేలిక ఒకటి ఇవ్వమని అడుగుతాను. దర్జీ దగ్గర ఎప్పుడూ కొంచెం మిగులుతుంది. కవరు మీద పార్టీ పేరు రాసి అందులో పెడతాను. కలర్ కరెక్షన్ రోజు దాన్ని మానిటర్ పక్కన 5000 కెల్విన్ బల్బు కింద పెట్టి, చీర వరకే మాస్క్ వేసి, ముఖం ముట్టుకోకుండా, ఊదా, నీలం స్లైడర్లు మాత్రం ఆ ముక్కకి దగ్గరయ్యేదాకా కదుపుతాను. టెస్ట్ షీటు వచ్చాక కూడా ఆ ముక్కే పక్కన పెట్టి చూస్తాను. ఆల్బమ్ ఇచ్చేరోజు ఆ పేలిక మొదటి పేజీలో ఉంచి ఇస్తాను, చాలామంది దాన్ని అక్కడే దాచుకుంటారు.